మత్తు దిగాక ఎలుకలు చెప్పినది

ముఖం మీద రూతు మేడమ్ అనేవారు, వెనక ఎలుకల రూతమ్మ అనేవారు. నాకు రెండోదే నచ్చేది. గుంటూరు ఊరి బయట ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో నా ఉద్యోగమంతా గడిచింది. కాలేజీ పేరు రాయను. రాస్తే ఇదంతా వాళ్ల మీద కోపంతో రాసిందనుకుంటారు. కోపం లేదని కాదు. కానీ ఇది రాస్తున్నది రేపు ఈ పనిలోకి రాబోయే మీ కోసం.

నా పని ఇదీ. ఆపరేషన్ చేసేటప్పుడు ముక్కుకి మాస్కు పెట్టి పీల్పించే మత్తుమందులు ఉంటాయి. ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్ అని వాటి పేర్లు. అవి పీల్చి పడుకుని లేచిన ఎలుకకి అంతకుముందు నేర్చుకున్నది గుర్తుంటుందా? కొత్తది నేర్చుకోగలదా? ఈ రెండు ప్రశ్నల వెంట తిరగడమే నా ఉద్యోగం. ప్రమోషన్లు, కమిటీలు, ఫైళ్లు కూడా ఉన్నాయి. వాటిలో మీకు పనికొచ్చేది ఏమీ లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

"మనుషులకే దిక్కులేదు, ఎలుకల జ్ఞాపకశక్తి నీకెందుకే" అన్న బంధువులున్నారు. "మత్తిచ్చి చంపుతారంటగా, పాపం కాదా అమ్మా" అని చర్చి మెట్ల మీద ఆపి అడిగిన పెద్దవాళ్లున్నారు. చంపాం. చివర్లో మెదడు తీసి చూడాలి, అందుకు చంపక తప్పదు. దాన్ని దాచను, సమర్థించుకోవడానికి తీపి మాటలూ చెప్పను. కానీ చంపిన తర్వాత ఆ ఎలుక చూపించినదాన్ని మార్చి రాయడం అంతకంటే పెద్ద పాపం. ఆ రెండోది నేనుండగా జరగనివ్వలేదు. దానికి నా చేత కట్టించుకోవలసిన మూల్యమంతా కట్టించుకున్నారు.

వెల్ల వేసిన గోడలు

ఎలుకకి గుర్తుందో లేదో ఎలా తెలుస్తుందని అందరూ అడుగుతారు. పెద్ద గుండ్రటి తొట్టిలో నీళ్లు పోసి, పాలపొడి కలిపి తెల్లగా చేస్తాం. నీళ్ల అడుగున, పైకి కనపడకుండా ఒక చిన్న పీట ఉంటుంది. ఎలుకకి ఈత వచ్చుగానీ నీళ్లలో ఉండటం ఇష్టం లేదు. పీట దొరికేదాకా ఈదుతూనే ఉంటుంది. మొదట్లో ఎటు పడితే అటు తిరుగుతుంది. కొన్ని రోజులు అలవాటు చేస్తే, వదిలీ వదలగానే సూటిగా పీట దగ్గరికి పోతుంది. దారి ఎలా తెలుస్తుందంటే, గది గోడల మీద ఉన్నవాటిని చూసి పోల్చుకుంటుంది. మా గదిలో ఒక గోడకి నల్ల అట్టతో కత్తిరించిన త్రికోణం, ఇంకో గోడకి ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన రంగుల క్యాలెండరు ఉండేవి.

నేను చేరిన కొత్తలో కాలేజీకి తనిఖీ బృందం వస్తోందన్నారు. అప్పటి ప్రిన్సిపాల్ గారు నాకు చెప్పకుండా ఎలుకల గదికి వెల్ల వేయించారు. త్రికోణం పోయింది, క్యాలెండరు పోయింది. పని అప్పటికి సగంలో ఉంది. నాతో పనిచేసే కుర్ర లెక్చరరు మత్తు ఇచ్చిన ఎలుకల్ని తొట్టిలో వదిలాడు. ఒక్కటీ పీట పట్టుకోలేకపోయింది. అతను పరుగున వచ్చాడు.

"మేడమ్, మొత్తం మర్చిపోయినయ్! ఇంత తేడా ఎక్కడా చూసుండరు."

"మత్తు ఇవ్వనివాటిని వదిలావా?"

"ఇంకా లేదు మేడమ్. వాటికేముంది, అవి మామూలేగా."

"ముందు వాటిని వదులు."

అవీ పీట కోసం తొట్టంతా వెతుక్కున్నాయి. ఎలుకలు ఏమీ మర్చిపోలేదు. మనమే వాటి ఊరు మార్చేశాం. ఆ కుర్రాడి ముఖం చిన్నబోయిందిగానీ, నాకు మాత్రం ఆరోజు ఈ వృత్తి మొత్తం అర్థమైనట్టనిపించింది. మందు ఇచ్చినదాన్ని చూసి ఎవరైనా కథ అల్లగలరు. మందు ఇవ్వనిదాన్ని కూడా అంతే శ్రద్ధగా చూడటమే మన పని. దానికి ఓపిక లేనివాళ్లు వేరే ఉద్యోగం చూసుకోవడం మంచిది.

ఏప్రిల్ ఎండ

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నా సర్వీసు చివరి ఏళ్లలో జరిగింది.

మా కాలేజీకి కొత్తగా వచ్చిన డైరెక్టరు రంగనాథ్ గారు చురుకైన మనిషి. మాట తీరు బాగుంటుంది. ఎవరి దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో తెలుసు. మునగాకు సారంతో మాత్రలు చేసే ఒక కంపెనీని తీసుకొచ్చారు. మత్తుమందు వల్ల వచ్చే మతిమరుపుని ఆ సారం ఆపుతుందా అన్నది ప్రశ్న. మంచి ప్రశ్నే. పీహెచ్‌డీ చేస్తున్న శైలజకి ఆ పని అప్పగించారు. శైలజది ఒంగోలు దగ్గర పల్లె, ఇంట్లో మొదట కాలేజీ మెట్లెక్కిన పిల్ల. కాగితం మీద ఆమె గైడు డైరెక్టరు గారు. ఎలుకల గదిలో గైడు నేను.

మొదటి విడత ఆయన గీసిచ్చిన పద్ధతిలోనే జరిగింది. మత్తు ఇచ్చిన ఎలుకలు బాగా మర్చిపోయాయి. మునగాకు సారం తాగి మత్తు పీల్చినవి దాదాపు ఏమీ మర్చిపోలేదు. డైరెక్టరు గారు స్టాఫ్ రూములో స్వీట్లు పంచారు.

కొద్ది రోజుల తర్వాత వేరే పాఠం కోసం మత్తు పీల్పించే డబ్బాలోంచి ఒక ఎలుకని బయటికి తీశాను. చేతికి చల్లగా తగిలింది. మత్తులో ఉన్న ఎలుక తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. కింద స్టీలు బల్ల, పైన ఏసీ. మత్తు లేని ఎలుకలేమో అలాంటి డబ్బాలోనే ఉత్త గాలి పీలుస్తూ వెచ్చగా తిరుగుతున్నాయి. అంటే మేం పోల్చింది మత్తునీ మత్తు లేకపోవడాన్నీ కాదు. చలిలో ఉన్న ఎలుకనీ వెచ్చగా ఉన్న ఎలుకనీ.

శైలజని పిలిచాను.

"మునగాకు ఎలుకలకి ఎప్పుడు చేశావమ్మా?"

"ఏప్రిల్‌లో మేడమ్. సారం లేనివాటికి జనవరిలోనే అయిపోయింది."

"ఏప్రిల్‌లో ఏసీ ఉందా?"

"చెడిపోయింది మేడమ్. కంప్రెషరు పోయిందన్నారు. గది కొలిమిలా ఉండేది. నాకే కళ్లు తిరిగినయ్."

ఏప్రిల్‌లో గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మునగాకు కాపాడిందని మేం సంబరపడ్డది బహుశా ఆ ఎండ చేసిన పని.

"మళ్లీ చేద్దాం" అన్నాను. "అన్నిటినీ ఒకేసారి, ఒంటికింద వేడి మ్యాటు వేసి, ఒళ్లు చల్లబడకుండా చూసుకుంటూ. పడుచు ఎలుకలతోపాటు ముసలివాటితో కూడా."

శైలజ ఏడ్చింది. "ఇంకెంత కాలం మేడమ్? ఇంట్లో ఏం చెప్పను? సార్ ఒప్పుకుంటారా?"

"సార్ని నేను చూసుకుంటా. ఇంట్లో నువ్వు చూసుకో."

కటువుగా అన్నాననుకోవచ్చు. ఓదార్చి, ఉన్నదే రాసేయమంటే అప్పుడు నేను నిజంగా చెడ్డదాన్ని అయ్యుండేదాన్ని.

ఆ పిల్ల చేసింది. తక్కువ మాట్లాడుతూ, ఎక్కువ పని చేస్తూ చేసింది. వచ్చిన ఫలితం ఎవరికీ ముద్దొచ్చేలా లేదు. పడుచు ఎలుకలకి ఒళ్లు వెచ్చగా ఉంచితే మత్తు వల్ల తేడా దాదాపు కనపడలేదు. ముసలివాటికి కనపడింది. చాలావాటికి కొన్ని రోజుల్లో సర్దుకుంది, కొన్నిటికి సర్దుకోలేదు. మునగాకు సారం తాగినా తాగకపోయినా ఒకటే. పైగా, పాఠం నేర్పిన వెంటనే మత్తు ఇచ్చిన ఒక గుంపు, మత్తు లేనివాటికంటే బాగా గుర్తుపెట్టుకుంది! అదెందుకో మాకు తెలియలేదు. తెలియలేదనే రాశాం.

డైరెక్టరు గారు కాగితాలు చూసి పక్కన పెట్టారు. "రూతు గారూ, ఇంత తికమకగా చెబితే ఎవరండీ వినేది?"

"ఎలుకలు తికమకగా ఉంటే నేనేం చేయనండీ."

"మొదటి విడత కూడా మన డేటానే కదా."

"మనదే. చలిది."

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి ఒప్పుకున్నారనుకున్నాను. వారం తిరక్కుండానే పేపర్లో ఫోటో వచ్చింది. మత్తుమందుతో మతిమరుపు ఖాయమట, దానికి విరుగుడు మా కాలేజీ కనిపెట్టిందట. ఎలుక అన్న మాట ఎక్కడో చివర్లో ఉంది. యూట్యూబు వాళ్లకైతే ఆ మాత్రం కూడా అవసరం లేకపోయింది.

విరుగుడు కోసం వచ్చిన మనిషి

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గర గోల వినపడింది. పెదకాకాని అవతల పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు, పేరు కోటేశ్వరరావు. డైరెక్టరు గారు ఊళ్లో లేరు. వాచ్‌మన్ నా గదికి పంపాడు.

"ఏమండీ మేడమ్ గారూ, మతిమరుపు మందు ఎక్కడ ఇస్తారండీ?" అంటూ ఫోను చూపించాడు. డైరెక్టరు గారి ఫోటో.

"అలాంటి మందు లేదండీ."

"లేదంటారేంటండీ? పేపర్లో ఏశారుగా! మా అమ్మ కల్లంలో మిరపకాయలు తిరగేస్తా కింద పరిచిన పట్టా కాలికి చుట్టుకుని పడిందండీ. తుంటి విరిగింది. ఆపరేషన్ చేయాలంటున్నారు. మీ మందు వేస్తేగానీ మత్తు ఇవ్వనివ్వనని కూర్చుంది. ఎంత చెప్పినా వినట్లేదండీ."

"ఎన్ని రోజులైంది పడి?"

చెప్పాడు. ఆ వయసులో తుంటి విరిగి మంచం మీద అన్ని రోజులు పడుకోవడం ఎంత ప్రమాదమో తెలియడానికి మనుషుల డాక్టరే కానక్కర్లేదు. అతని బండి వెనక కూర్చుని ఆసుపత్రికి వెళ్లాను.

సామ్రాజ్యమ్మ గారు సన్నటి మనిషి, నడుము వంగిపోయింది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నొప్పితో పెదవి కొరుక్కుంటూనే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మందు తెచ్చావా అమ్మా?"

"లేదండీ. ఆ మందు పనిచేస్తుందని మాకు తెలియదు. పేపర్లో వచ్చింది తప్పు."

"మరి మతి పోతుందన్నదీ తప్పేనా?"

ఇక్కడ తప్పే అనేస్తే పని అయిపోయేది. కొడుకు నా వైపు బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. అయినా అనలేకపోయాను.

"పూర్తిగా తప్పు కాదండీ. పెద్దవయసు వాళ్లకి కొందరికి ఆపరేషన్ అయ్యాక కొన్ని రోజులు తికమకగా ఉంటుంది. ఎక్కువమందికి సర్దుకుంటుంది. కొద్దిమందికి మునుపటంత రాదు. మీకేమవుతుందో నేను చెప్పలేను. కానీ ఇలాగే పడుకుంటే ఏమవుతుందో చెప్పగలను. ఊపిరితిత్తులకి నెమ్ము చేస్తుంది, వీపు పుండు పడుతుంది. ఆ మంచం మీద నుంచి మీరు లేవరు."

కోటేశ్వరరావు "మేడమండీ!" అని కేకేశాడు. ఆవిడ కొడుకుని చేత్తో ఆపింది.

"మా తోడికోడలు ఇట్టాగే ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది. కూతుర్ని పట్టుకుని ఎవరమ్మా నువ్వు అంది. తర్వాత బాగానే ఉందిలే. కానీ ఆ ఒక్క మాటతో ఇంట్లో ఆమె మాట చెల్లకుండా పోయింది. ఏం చెప్పినా, పెద్దమ్మకి మతిలేదులే అంటారు. మా ఇంట్లో ఏ చేలో పత్తి పెట్టాలో, ఏ చేలో మిరప పెట్టాలో నేనే చెప్తా. నా మాట పోయాక నేనుండి ఏం చేయాలమ్మా?"

చావు భయం కాదు ఆవిడది. కోటేశ్వరరావు వైపు తిరిగాను.

"మీ అమ్మ గారు నాలుగు రోజులు ఏదో ఒకటి మాట్లాడతారేమో. దాన్ని పట్టుకుని తర్వాత ఆవిడ మాట తీసేస్తారా?"

"ఛఛ, నేనెందుకు తీసేస్తానండీ!"

"నాకు కాదు, ఆవిడకి చెప్పండి."

అతను తల్లి మంచం పక్కన కూర్చుని చెప్పాడు. ఆవిడ మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు. అప్పుడు ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర కాదు, సంతకమే పెడతానని పెన్ను అడిగింది.

నడుముకి సూది ఇచ్చి చేయొచ్చు కదా అని మత్తు డాక్టరుని అడిగాను. వెన్ను బాగా వంగిపోయి సూది దారి దొరకడం లేదని, పీల్చే మత్తే ఇవ్వాలని ఆయన చెప్పాడు. ఒళ్లు చల్లబడకుండా చూస్తారా అని కూడా అడిగాను. విసుక్కోలేదు. వెచ్చటి గాలి దుప్పటి చూపించాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు ఫోనొచ్చింది.

"ఏంటండీ ఇది! మీరు చెప్పబట్టే ఒప్పుకుంది మా అమ్మ. నన్ను చూసి మా మేనమామ పేరు పెట్టి పిలుస్తోంది. కూలోళ్లు వచ్చారు, పోవాలని గొట్టాలు పీకేసుకుంటోంది. ఇప్పుడేమంటారు?"

ఫోను పెట్టేసి వెళ్లాను. ఆవిడ నన్ను చూసి, కోతకి ఆలస్యంగా వచ్చావేంటని తిట్టింది. పెద్దవాళ్లలో ఇది మామూలేనని, కళ్లజోడు పెట్టమని, కిటికీ తెరవమని, తెలిసినవాళ్లు పక్కనుండి మెల్లగా మాట్లాడమని డాక్టరు చెప్పాడు. అలాగే చేశారు. నేను కాలేజీ అయ్యాక రోజూ వెళ్లి కూర్చున్నాను. రేపు తగ్గకపోతే ఈ మనిషి ముఖం ఎలా చూడాలని నాలో నేను అనుకుంటూనే కూర్చున్నాను. నిజం చెప్పినందుకు ధైర్యంగా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. నాకైతే అలా లేదు.

నాలుగోరోజో ఐదోరోజో నేను వెళ్లేసరికి ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏరా కోటీ, కల్లంలో కాయలు ఎత్తావా, మంచుకి వదిలేశావా?"

అతను బయటికి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. తిరిగొచ్చి నాకు టీ తెప్పించాడు.

ఆ తర్వాతి పంటకి వాళ్ల ఊరు వెళ్లాను. కర్ర పట్టుకుని నడుస్తోంది. అంతా గుర్తుందా అని అడిగాను. "కొన్ని పేర్లు పోయినయ్ అమ్మా. పోతే పోయినయ్, నాకు పనికొచ్చేవాళ్లయి కాదు" అంది.

ఒక్క ముక్కలో చెప్పమన్నారు

సామ్రాజ్యమ్మ గారు ఇంకా ఆసుపత్రిలో ఉండగానే కాలేజీలో సెమినారు పెట్టారు. కంపెనీ వాళ్లు, విలేకరులు, పూల బొకేలు. తెర మీద జనవరి ఎలుకలు, ఏప్రిల్ ఎలుకలు పక్కపక్కన. ప్రశ్నలుంటే అడగండి అన్నారు డైరెక్టరు గారు. లేచి నిలబడ్డాను.

"ఆ రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టకూడదండీ. ఒకదానికి చలి, ఒకదానికి ఎండ. తర్వాత సరిగ్గా చేసినప్పుడు ఈ తేడా రాలేదు. ఆ ఫలితాలు మీ బల్ల మీద ఉన్నాయి."

"మేడమ్, అవి ఇంటర్నల్. తర్వాత మాట్లాడుకుందాం."

"ఆ వార్త పేపర్లో వేసినరోజే ఇది ఇంటర్నల్ కాకుండా పోయిందండీ. దాన్ని చదివి ఒక పెద్దావిడ తుంటి విరిగి కూడా ఆపరేషన్ వద్దని పడుకుంది. ఇప్పుడు ఇక్కడే గుంటూరులోనే ఉంది."

ఆయన మైకు గట్టిగా పట్టుకున్నారు. "ఒక్క ముక్కలో చెప్పండి. మందు పనిచేస్తుందా, చేయదా?"

"చేసిందని చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదు. మునగాకు మంచిదే, పప్పులో వేసుకోమనండి."

వెనక ఎవరో నవ్వారు. డైరెక్టరు గారి ముఖం ఎర్రబడింది. "మేడమ్ పెద్దవారు, వచ్చే ఏడాది రిటైరవుతున్నారు..." అని మొదలుపెట్టారు.

అప్పుడు శైలజ లేచింది. నేను లేవమనలేదు. లేవొద్దనే చెప్పి ఉండేదాన్ని, ఆ పిల్ల డిగ్రీ ఆయన సంతకం కింద ఉంది.

"ఆ ఎలుకలకి మత్తు ఇచ్చింది నేనేనండీ" అంది. "ఏప్రిల్‌లో ఏసీ లేదు. జనవరిలో ఉంది. మేడమ్ చెప్పింది నిజం. నా థీసిస్‌లో అదే రాస్తాను."

కంపెనీ వాళ్లు టీ తాగకుండా వెళ్లిపోయారు. పేపరు వాళ్లు సవరణ వేశారు, మొదటి వార్తకి ఇచ్చిన చోటులో పదోవంతు కూడా లేదు. శైలజ థీసిస్ చాలాకాలం బల్లల మీద నలిగింది. ఆయన సంతకం పెట్టకపోతే పైకి ఫిర్యాదు చేసి గైడుని మార్పించుకుంది. పట్టా వచ్చింది. ఆలస్యమైంది, కానీ అందులో ఒక్క అబద్ధం లేదు.

నా డిపార్టుమెంటు హెడ్ పదవి పోయింది. ఎలుకల గది తాళాలు తీసుకున్నారు. చివరి ఏడాది మొదటి సంవత్సరం పిల్లలకి పాఠాలు చెప్పమన్నారు, అదీ కాలేజీ బస్సుల వర్క్‌షాపు వెనక రేకుల గదిలో. శిక్ష అనుకున్నారు. తగ్గి ఉండాల్సింది కదా అని ఇప్పటికీ కొందరు సానుభూతి చూపిస్తారు. తగ్గను. మళ్లీ అదే హాల్లో కూర్చోబెడితే మళ్లీ లేస్తాను, ఈసారి ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను. మీకూ ఇలాంటి రోజు వస్తుంది. వచ్చినప్పుడు గౌరవంగా, నెమ్మదిగా, లోపల మాట్లాడుకుందాం అంటారు. బయట చెప్పిన అబద్ధాన్ని లోపల సరిదిద్దడం కుదరదు.

రేకుల గదిలో మొదటి క్లాసు రోజు, ముందు బెంచీలో ఒక అమ్మాయి చేయెత్తింది. సెమినారు గొడవ వాళ్లదాకా వచ్చింది.

"మేడమ్, ఇంతకీ మత్తుమందు మతి పోగొడుతుందా, పోగొట్టదా? ఒక్క మాటలో చెప్పండి మేడమ్."

"ఒక్క మాటలో చెప్పమన్నవాళ్లతోనే నాకు గొడవైంది. కూర్చోమ్మా, గంట పడుతుంది" అని సుద్దముక్క తీసుకున్నాను.